గాలికి ఊగిన వేరుశనగ కాయలు

విజయవాడలో పెరిగిన నేను పెళ్లయ్యాక ఇటు వచ్చి, గార్లదిన్నె దగ్గర ఒక పల్లె బడిలో తెలుగు టీచరుగా చేరాను. దసరా సెలవుల ముందు పిల్లలకు కవితల పోటీ పెట్టి, ఊరివాళ్లనూ పిలిచాం. ముందు నేనే మైకు అందుకుని, "గాలికి ఊగే వేరుశనగ కాయలు ఘల్లుమంటే రైతు గుండె మురిసె" అని రాగం తీశాను. అందరూ గొల్లున నవ్వారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

"ఏమమ్మా, శెనక్కాయలు మన్నులో కదా కాసేది! గాలికెట్ల ఊగుతాయి?" అంది నా విద్యార్థిని శైలజ వాళ్ల అవ్వ ఓబులమ్మ.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా మైకు వదల్లేదు. "రేపు మీ చేనికొస్తానవ్వా, చూపించు" అన్నాను.

తెల్లారేసరికి చేలో ఉన్నాను. రెండు నెలలు మొహం చాటేసిన వాన, పంట పోయాక మొన్ననే కురిసి నేల మెత్తబడింది. ఓబులమ్మ చూపిన చెట్టును బలమంతా పెట్టి లాగితే, అది పుల్లలా ఊడొచ్చింది. వెనక్కి పడబోయాను. దానికి రెండే కాయలు.

"కాయుంటే బరువుంటాదమ్మా. కంటికంటే ముందు చేతికే తెలిసిపోతాది" అందామె.

వారమంతా ఆ కవితను కొత్తగా రాసి, కొట్టేసి, మళ్లీ రాసి ఆమెకు చదివి వినిపించాను. అందులో దుఃఖం, కన్నీరు అన్న మాటలే లేవు. చెట్టు ఎంత తేలిగ్గా చేతికొచ్చిందో, అంతే రాశాను.

"ఇంగ సాలు తల్లీ. మళ్లా చదవద్దు" అని ఓబులమ్మ మొహం తిప్పుకుంది.

ఇప్పటికీ ఏ కవిత చెప్పినా పిల్లలను నేను మొదట అడిగేది ఒక్కటే: "ఇది కవి చేతికి ఎలా తెలిసింది?"