ఫిలోమెనా మాట

కిలిమంజారో వాలులో ఒక గట్టు దిగి ఇంకో గట్టు ఎక్కితే మాట మారుతుంది. అన్నీ మా చగ్గా జాతి మాటలే. అయినా పక్క గట్టువాడు నోరు తెరిస్తే మాకు నవ్వు. కొండకు ఆ చివర ఉన్న రోంబో నుంచి ఫిలోమెనా మా మచామేకు కోడలిగా వచ్చినప్పుడు ఇక చెప్పాలా?

ఆడపడుచు ఎలినైకె వెక్కిరించడంలో మొనగత్తె. మరదలు ఏ మాటంటే ఆ మాట, అదే సాగదీతతో, అరటికల్లు తాగే చోటల్లా పలికి చూపించేది. జనం పడీపడీ నవ్వేవారు. నేనూ నవ్వాను, కాదనను. కొన్నేళ్ళకు ఫిలోమెనా తన మాట కట్టిపెట్టేసింది. ఇంటా బయటా స్వాహిలీయే. పిల్లలకూ అదే నేర్పింది. ముప్పై ఏళ్ళు గడిచినా ఎలినైకె మాత్రం ఆ ఆట మానలేదు.

నిరుడు ఎలినైకె కూతురికి రోంబో సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు నాయనమ్మకు స్వాహిలీ రాదు. ఆవిడ మాట మాకు సగం తెలుస్తుంది గానీ బదులు చెప్పలేం. ఎలినైకె ఇసాలే ఆకు ముడివేసి తెచ్చి మరదలి గుమ్మంలో నిలబడింది. ఆ ఆకు తెచ్చినవాళ్ళను క్షమించనని అనే హక్కు మాలో ఎవరికీ లేదు.

"ఏమే, ఆ ముసలావిడతో నువ్వే మాట్లాడాలి. మన పరువు నీ చేతిలో ఉంది."

"నీకే బాగా వచ్చుగా వదినా! ఇన్నేళ్ళు సాధన చేశావు," అంటూనే ఫిలోమెనా ఆకు అందుకుంది.

నిజానికి ఆమెకూ ఆశగానే ఉంది. తన మాట మాట్లాడే మనిషి గడప తొక్కబోతోంది. ఆ వారమంతా అరటితోటలో ఒక్కతే గొణుక్కుంటూ తిరగడం చూశాను. జాలేసింది.

ముసలావిడ వచ్చింది. కల్లు బుర్ర పక్కన పెట్టి, "మా రోంబో పిల్ల ఉందటగా! ఎవరి కూతురివే నువ్వు?" అంది.

ఫిలోమెనా నోరు తెరిచింది. స్వాహిలీ వచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే. ముసలావిడ మొహం చిట్లించి, "ఇది మా పిల్ల కాదు," అని తల తిప్పుకుంది.

ఎలినైకె గబగబా అందుకుంది. "మీ పిల్లేనమ్మా. మీ మషాటి ఊరి నుంచే తెచ్చుకున్నాం." అచ్చమైన రోంబో మాట, అదే సాగదీత. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ముసలావిడ ఆమెను దగ్గరికి లాక్కుని చెంపలు నిమిరింది. "అదీ మాటంటే! ఎక్కడ నేర్చావే తల్లీ?"

ఎలినైకె మరదలి వైపు చూడలేకపోయింది.

"నేర్చుకోలేదమ్మా," అంది. "దీని నోట్లోంచి లాక్కున్నాను."