పన్నెండో పేరు

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్ళు మంట. ఇరవై రెండేళ్ళుగా బచేలిలో పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. స్టెప్పులు లేకుండా జవాబు రాస్తే మార్కు వెయ్యని పంతులమ్మని. అందుకే ఇది రాయడానికి నాకే మొహమాటంగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను, గోరంతని కొండంత చెయ్యను.

నిరుడు వానాకాలంలో మా అమ్మాయి స్వాతి పురిటికి మా ఇంటికి వచ్చింది. అల్లుడికి విశాఖలో ఉద్యోగం. ఆడపిల్ల పుట్టింది, మూడో రోజు ఇంటికి పంపేశారు. మా ఆయన డ్యూటీ మీద రాయ్‌పూర్‌లో ఉన్నారు. ఇంట్లో నేను, స్వాతి, మా అమ్మ, పిల్లకి నీళ్ళు పోయడానికి వచ్చే రామక్క. అమ్మది విజయనగరం దగ్గర పల్లె. నాన్నగారు ఇక్కడి ఇనుప గనిలో పనిచేసి రిటైరయ్యారు, పోయి ఆరేళ్ళు. రామక్కది సుక్మా జిల్లాలో కొంటా వైపు దోర్ల గిరిజనుల పల్లె. మా కాలనీలో సగం మంది పిల్లలు ఆమె కాళ్ళ మీద స్నానం చేసినవాళ్ళే.

ఇంటికొచ్చిన మర్నాడు పిల్ల పాలు మానేసింది. రొమ్ము అందిస్తే మొహం తిప్పుకుంటుంది. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పోస్తే పెదాల పక్కనుంచి కార్చేస్తుంది. ఏడుపు కూడా సన్నబడిపోయింది. పొద్దున్నే ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరమ్మ అంతా చూసి జ్వరం లేదు, నోట్లో పుండు లేదు అంది. ఇంకోసారి ప్రయత్నించండి, రెండింటికల్లా తాగకపోతే జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి పంపేస్తాను అని చెప్పింది.

ఒంటిగంటకి రామక్క వచ్చి సంగతి వింది. "ఏంది టీచరమ్మా, పేరడిగిన్రా లేదా?" అంది.

అది వాళ్ళ ఊళ్ళో ఆనవాయితీ అట. పిల్లని రొమ్ము దగ్గర పట్టుకుని, ఆ ఇంట్లో పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే అంటారు. ఏ పేరుకి పాలు పట్టుకుంటే ఆ మనిషి తిరిగొచ్చినట్టు. "ఎవరొచ్చిన్రో ఇంట్లోళ్ళే గుర్తుపట్టకుంటే ఎట్ల తాగుతదమ్మా, అలగదా?" అంది.

నాకు నవ్వొచ్చింది. ఏడవలేక నవ్వడం అంటారే, అది. స్వాతి మాత్రం, "అమ్మా, నీ దగ్గర ఇంతకన్నా మంచి ఉపాయం ఉంటే చెప్పు, లేకపోతే పేర్లు రాయి" అంది. నిజమే, నా దగ్గర ఏమీ లేదు. ఓ ప్రశ్నపత్రం వెనకాల రాశాను. అల్లుడు అప్పటికే కిరండూల్ రైల్లో వస్తున్నాడు. సిగ్నల్ తెగుతూ ఉంటే మూడుసార్లు ఫోన్ చేసి వాళ్ళ తాతల పేర్లు కనుక్కున్నాను. మా వైపూ వాళ్ళ వైపూ కలిపి పదకొండు.

స్వాతి ఒళ్ళో పిల్ల. రామక్క పిల్ల తల కింద చెయ్యి పెట్టింది. అమ్మ కిటికీ దగ్గర పీట మీద, మాకు వీపు పెట్టి కూర్చుంది. నేను ఒక్కో పేరు చదివి, ఆగి, టిక్కు పెడుతూ వచ్చాను. నాన్నగారి పేరుకి పిల్ల కళ్ళు తెరిచింది, అంతే. పదకొండూ అయిపోయాయి. రెండింటికి పావుగంట ఉంది. పేపరు మడిచేశాను.

అప్పుడు ఎవరో "బీమె" అన్నారు.

గట్టిగా కాదు, పక్కనున్న మనిషిని పిలిచినంత. పిల్ల గబుక్కున రొమ్ము పట్టుకుంది. గుటకల చప్పుడు నా కుర్చీ దాకా వినబడింది. స్వాతి భోరుమంది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

కాస్త తేరుకున్నాక ఆ పేరు ఎవరిదని రామక్కని అడిగాను. ఆమే అందనుకున్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. "నువ్వే గదమ్మా కాయితంల సూసి సదివినవు" అంది. స్వాతి కూడా నీ గొంతేనమ్మా అంది. పేపరు విప్పి చూపించాను. పదకొండు పేర్లు, పదకొండు టిక్కులు. నా జన్మలో ఆ పేరు వినలేదు.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకి చేరబడి ఉంది.

ఆ సాయంత్రం చెప్పింది. నన్ను కన్నది తను కాదు. నాన్నగారు కిరండూల్ గనిలో కొత్తగా చేరినప్పుడు కొంటా అవతలి పల్లె పిల్లతో కాపురం పెట్టారు. నేను పుట్టిన తొమ్మిదో రోజున ఆమె పోయింది. ఇరవయ్యేళ్ళు కూడా లేవట. నాకు ఆరు నెలలప్పుడు ఆయన అమ్మని చేసుకుని, ఎరిగినవాళ్ళు ఉండకూడదని బచేలికి మారిపోయారు. ఆ పేరు ఎత్తకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. చెబుతున్నంతసేపూ అమ్మ "ఆ యమ్మ" అందే తప్ప బీమె అన్న పేరు అనలేదు.

"ఒక పేరు మిగిలిపోనాదని నాకు తెలుసే. సెప్తే నువ్వు నాకు కాకండా పోతావని బయమేసినాది. పిల్ల అలాగ వాడిపోతన్నా నోరు పెగల్లేదు. నానన్లేదే, నీ మీదొట్టు" అంది.

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. నలభై ఆరేళ్ళు దాచింది సరే, పసిపిల్ల ప్రాణం మీదికి వచ్చినా దాచింది. రెండు రోజులు అన్నం పెట్టాను, మాత్రలిచ్చాను, మాట మాత్రం ఆడలేదు. మూడో రోజుకి కోపం దానంతటదే దిగిపోయింది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆసుపత్రిలో నా మంచం కింద నేల మీద పడుకున్నది ఈవిడే కదా.

తర్వాత నా ఆరా మొదలైంది. రామక్కకి బీమె సంగతి తెలిసే వీల్లేదు. ఆమెది వేరే ఊరు, నా ఈడుది. నాన్నగారు నిద్రలో ఎప్పుడైనా కలవరిస్తే చిన్నప్పుడు విని, ఆ కంగారులో నాకే తెలియకుండా అనేశానేమో. అది ఒక్కటే నాకు లెక్కకి కుదిరింది. రుజువు చూద్దామని ఆ పేరు నేనే పలికి ఫోన్‌లో రికార్డు చేసి అందరికీ వినిపించాను. ఆ రోజు విన్న గొంతు ఇదే అంది రామక్క. స్వాతి ఇదే అంది. హమ్మయ్య అనుకున్నాను.

అమ్మ రెండుసార్లు పెట్టించుకుని వింది.

"కాదే. నీ గొంతే గానీ ఇప్పటిది కాదు. నీ పెళ్ళీడు నాటి గొంతు. ఆ ఈడులో నువ్వు మాటాడతంటే మీ నాన్న అన్నం కాడ్నించి లేసి బయిటికెలిపోయేవోరు. ఎవరి గొంతు గుర్తొచ్చో నాకు తెలుసు, నీకు తెల్దు" అంది.

బారసాల నాడు అందరూ పిల్ల చెవిలో పేరు నన్ను చెప్పమన్నారు. అమ్మ నన్ను పక్కకి జరగమంది. వంగి, పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, మొదటిసారి ఆ పేరు పలికింది. ఒకసారి చాలదన్నట్టు మూడుసార్లు పలికింది.