ద్రాక్షతోటకు ముందు ఒక్క షిఫ్టు

ఫోను తెర మీద ఒక గది తలుపు తెరుచుకుంది. లోపల శుభ్రమైన మంచం, కిటికీ అవతల వరసలు తీరిన ద్రాక్షపందిళ్లు. నాసిక్ దాటాక ఒక పల్లెలో, తోట మధ్యనే ఇల్లు కట్టుకుని వచ్చేపోయేవాళ్లకు గదులిచ్చే రైతు వీడియో కాల్లో హిందీలో చెబుతూ ఒక్కొక్కటే చూపిస్తున్నాడు. రాజకుమారి "అచ్ఛా, అచ్ఛా" అంటూ మురిసిపోతోంది. ఆమె భుజం మీదుగా చూస్తున్న భర్త పోశం మాత్రం, "ఒకపాలి పైకప్పు చూపియ్యమను," అన్నాడు.

"ఏమయ్యా, మనం పండుకోనీకి పోతున్నమా, దిమ్మలు నిలబెట్టనీకి పోతున్నమా?"

"చూపిస్తే వాని సొమ్మేం పోతది?"

రైతు నవ్వుకుంటూ ఫోను పైకి తిప్పాడు. పెంకుల కింద టేకు దూలాలు. పోశం కళ్లు చికిలించి చూసి, "కట్టె మంచిదే," అని లేచిపోయాడు.

గోదావరిఖని బొగ్గుబాయిలో పోశం సపోర్ట్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు మనుషుల మీద పడకుండా కింది నుంచి మోసే దిమ్మలు నిలబెట్టడం అతని పని. ఇప్పుడు ఇనుప దిమ్మలొచ్చాయి, కప్పులోకి బోల్టులు బిగిస్తున్నారు. అన్నీ నేర్చుకున్నాడు. అయినా పనిచోటు అంచున నాలుగు కట్టె దిమ్మలు లేనిదే అతనికి మనసొప్పదు. ఇనుము మోసినంతసేపు మోసి, చెప్పకుండా వంగిపోతుంది. కట్టె ముందు మూలుగుతుంది. ఆ మూలుగు వినడమే పనిలో సగం. అందుకే ఒక దిమ్మ బిగించగానే సుత్తె దించి, "సప్పుడు బంద్" అంటాడు. జట్టంతా ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. అతను తల ఊపితేనే రెండో దిమ్మ. అతనికి నేర్పిన పెద్దల నాటి నుంచీ ఆ ఆనవాయితీ తప్పలేదు.

వానాకాలంలో రాజకుమారికి గర్భసంచి ఆపరేషన్ అయింది. దవాఖాన మంచం మీద ఆమె ఒక్కటే అడిగింది. "బాయి లేని ఊర్ల నాలుగొద్దులు ఉండాలె. డ్యూటీ అని నువ్వు నా పక్కకెంచి లేవొద్దు."

పోశం సరేనన్నాడు. అంతకుముందూ అన్నాడు. వేములవాడకన్నాడు, భద్రాచలానికన్నాడు. ప్రతిసారీ బాయిలో ఏదో ఒకటి అడ్డం పడేది. సర్దిన సంచి ఆమె మళ్లీ విప్పుకునేది. ఈసారి ఆమె అన్న జగదీశ్వర్, నాసిక్ నుంచి ద్రాక్ష తెచ్చే లారీ డ్రైవరు, ఈ తోట ఇల్లు చూసిపెట్టాడు. పొద్దున్నే పందిళ్ల కింద నడక, వేడి రొట్టెలు, పగటి నిద్ర. రాజకుమారి వేసుకున్న ప్లాను అంతే. ఇంకేమీ చూడక్కర్లేదంది.

సంగతి తెలిసి, దిమ్మలు మోసే భూపాల్ బాయిలో ఊరుకోలేదు.

"పోశన్నా, ఆడ ద్రాక్షతోని వైన్ చేస్తరటగా! మన చౌరస్తల వైన్స్ దుకాణం పెట్టుకొని గంతదూరం పోవుడేందే?"

"మీ వదినెను అడుగు."

"వదినె తాగుతదా ఏంది?"

"తాగది. తంతది."

ఆ నవ్వులు ఎన్నాళ్లో నిలవలేదు. వాళ్లు పనిచేసే చోట బొగ్గు స్తంభాలు తీసేశాక వెనక పెద్ద ఖాళీ మిగిలింది. దాన్ని గోఫ్ అంటారు. ఆ ఖాళీ మీది కప్పు తనంతట తాను విరిగి పడాలి. పడితే కింద నిండిపోతుంది, ముందున్న పనిచోటు మీద బరువు తగ్గుతుంది. పడకుండా వేలాడితేనే ప్రమాదం. ఒక్కసారిగా కూలితే లోపలి గాలి తుపానులా తన్నుకొచ్చి మనిషిని గోడకు కొడుతుంది. ఈసారి కప్పు వేలాడుతోంది. బొగ్గు తీయడం ఆపేసి, అంచున దిమ్మలు బలపరిచే పని మాత్రం సాగిస్తున్నారు. రైలు రోజు దగ్గరపడుతోంది, కప్పు మాత్రం కదలడం లేదు.

పోశం షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ లింగమూర్తి దగ్గరికి వెళ్లాడు. "లింగన్నా, నా సెలవు వాపస్ తీసుకుంట."

"టికెట్లు అయినయంటివి?"

"కప్పు గిట్ల వేలాడుతుంటే ఎట్ల పోత? దాని సప్పుడు ఎవలు వింటరు?"

"అంజి ఉన్నడు కదా."

"వానికింక వినుడు రాలే."

అంజి అక్కడే ఉన్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి. పోశం చేతికింద పని నేర్చి, ఏళ్లుగా అతని పక్కనే దిమ్మ బిగిస్తున్న మనిషి. సుత్తె పిడికి పట్టిన బొగ్గుపొడి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"నువ్వు రాకముందు గూడ బాయి నడిచింది పోశం," అన్నాడు లింగమూర్తి. "సెలవు వాపస్ లేదు, ఏం లేదు. పో."

ప్రయాణం సాయంత్రం బండికి. ఆ పొద్దున పోశం బూట్ల తాళ్లు బిగిస్తుంటే రాజకుమారి గడపలో నిలబడింది.

"సెలవు రేపటి నుంచే కదా. ఈ ఒక్క షిఫ్టు చేసొస్త," అన్నాడు తలెత్తకుండా.

"ఒక్క షిఫ్టేనా? ఆడికి పోయినంక ఇంకో షిఫ్టా?"

"కప్పు పడలేదే."

"ఎన్నడు పడ్డది గనుక? ఒకటి పడితే ఇంకోటి వేలాడుతది." ఆమె గొంతు పెరగలేదు. అదే అతన్ని భయపెట్టింది. "నేను సంచులు పట్టుకొని స్టేషన్ల కూసుంట. వస్తే వస్తవు. రాకుంటే ఒక్కదాన్నే పోత. సంచి మాత్రం మళ్ల విప్ప."

బాయి లోపల గోఫ్ అంచు దగ్గర గాలి బరువుగా ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిన ఇల్లులా నిశ్శబ్దం. లింగమూర్తి కప్పు పరీక్షించి, కప్పు పడితే పోవాల్సిన దారి అందరికీ చూపించాడు. పోశం మొదటి దిమ్మ నిలబెట్టి బిగించాడు, విన్నాడు, తల ఊపాడు. రెండోదీ అంతే. ఆ తర్వాత అతని తలలోకి స్టేషనొచ్చింది. బల్ల మీద ఆమె, పక్కన సంచులు. జల్ది పని ఒడగొట్టి బయటపడాలనుకున్నాడు. మూడో దిమ్మ బిగించి, సుత్తె దించకుండానే నాలుగోదానికి తిరిగాడు. "సప్పుడు బంద్" అనలేదు. భూపాల్ ఒక్క క్షణం వింతగా చూసి దిమ్మ అందించాడు. పోశం సుత్తె ఎత్తి కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

మూడోసారి ఎత్తిన చెయ్యి గాలిలో ఆగిపోయింది. అంజి మణికట్టు పట్టుకున్నాడు.

"కాకా. సుత్తె ఆపు."

"ఇడువురా, అయిపోతది."

"సప్పుడు బంద్!" అని అరిచాడు అంజి.

అందరూ ఆగారు. ముందేమీ లేదు. తర్వాత మూడో దిమ్మ లోపలెక్కడో, ఎండుపుల్ల విరిచినంత చిన్న చప్పుడు. వెంటనే ఇంకోటి, పొడుగ్గా.

"ఉరుకుండ్రి!"

పనిముట్లు వదిలేసి పరుగెత్తారు. మలుపు తిరిగి గోడ చాటుకు చేరారో లేదో, వెనక కొండ కూర్చున్నట్టు నేల అదిరింది. గాలి వచ్చి భూపాల్ టోపీ ఎగరేసుకుపోయింది. దీపాల వెలుగు దుమ్ములో మునిగిపోయింది. లింగమూర్తి పేరు పేరునా పిలిచాడు. అందరూ పలికారు. పోశం చివర పలికాడు. అతని గొంతు అతనికే కొత్తగా వినబడింది.

దుమ్ము తగ్గేదాకా గోడకానుకుని కూర్చున్నారు. తానిక్కడ లేకపోతే ఎవరు వింటారని కదా పోశం ఈ షిఫ్టుకు వచ్చాడు. తాను ఉండీ వినలేదు. వినలేదు సరికదా, తన సుత్తె మోతతో మిగతావాళ్లను కూడా విననివ్వలేదు. నలుగురి ప్రాణాలు ఆ నాలుగో దిమ్మ దగ్గర ఆగి వెనక్కొచ్చాయి.

"అంజీ," అన్నాడు పోశం. "నా సుత్తె మోతల నీకెట్ల వినపడ్డదిరా?"

"వినపడలే కాకా. చెయ్యి దిమ్మ మీదుండె. అరచేతికి తాకింది."

పోశం అంజి అరచేతి వైపు చూశాడు. ఆ పద్ధతి తాను నేర్పింది కాదు.

పైకొచ్చాక, అధికారులకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. సుత్తె దించకపోవడంతో సహా చెప్పాడు. బయటికి వస్తుంటే లింగమూర్తి అతని వెంట నడిచాడు.

"రేపు కొత్త అంచుకు దిమ్మలెయ్యాలె. నువ్వుంటే మంచిగుండు," అన్నాడు ఈసారి ఆయనే.

"అంజి ఏస్తడు."

"మొన్ననే కదా వానికి రాదంటివి?"

"నేనన్నది తప్పు. నేను పోతున్న లింగన్నా."

స్నానం చేసీచేయనట్టు చేసి ఆటో ఎక్కాడు. రామగుండం స్టేషన్‌లో రాజకుమారి బల్ల మీద నిటారుగా కూర్చుని ఉంది. అతన్ని చూసి లేవలేదు.

"కప్పు పడ్డదటగా," అంది. "భూపాల్ పెండ్లాం ఫోన్ చేసింది."

"ఎవలకూ ఏం కాలే."

"గప్పుడు నాకు తెల్వదు కదా. సంచులు పట్టుకొని రోడ్డు మీద నిలబడ్డ. బాయి గేటుకాడికి ఉరకాల్నా, ఈడికి రావాల్నా? ఆటో పిలగాడు యాడికి అంటే నోరు రాలే."

"మరి?"

"ఫోన్ల మళ్ల చెప్పింది, అందరు బయటపడ్డరని. గప్పుడు ఎక్కిన." కొంగుతో ముఖం ఒత్తుకుంది. "లేకుంటే గేటుకే పోదును. పోయి, ఇగ ఎన్నడు ఏడికీ తీస్కపోమని అడగకపోదును."

పోశం ఆమె పక్కన కూర్చున్నాడు. బండి వస్తోందని మైకులో చెప్పారు. ఆమె రెండు సంచులూ అందుకోబోయింది. అతను ఆపి, ఒకటి తను తీసుకున్నాడు, రెండోది ఆమెకే వదిలాడు. జనం లేచి ముందుకు జరుగుతుంటే ఇద్దరూ వాళ్లతో కలిసి నడిచారు.