రహీం బ్రేకు

చాంద్ బీ ఎవరినీ అంత తేలిగ్గా క్షమించే మనిషి కాదు. ఆమెను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు, మెచ్చుకునే అంటున్నాను. మా శంషాబాద్‌లో "పోనీలే" అనేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. ఆమె షెడ్డుకు ఎదురిల్లు మాది. నాలుగేళ్లపాటు ఒక కోపాన్ని ఆరిపోనివ్వకుండా కాపాడుకున్న మనిషిని నేను ఆ షెడ్డులోనే చూశాను.

పాత హైవే పక్కన, లారీలు ఆగే అడ్డా దగ్గర, రేకుల షెడ్డు అది. ఆమె భర్త రహీం బ్రేకుల పని తప్ప ఇంకోటి ముట్టుకునేవాడు కాదు. ఇంజను గురించి అడిగితే పక్క షెడ్డు చూపించేవాడు. చాంద్ బీ గోనెసంచి మీద కూర్చుని బ్రేకు షూల మీద అరిగిన లైనర్లు ఊడదీసి కొత్తవి రివెట్లతో బిగించేది. ఆమె సుత్తి చప్పుడుతోనే మా వీధికి తెల్లవారేది.

రహీంకు ఒక పద్ధతి ఉండేది. బ్రేకు పని అయ్యాక డ్రైవరును బండి ఎక్కించి, తాను వెళ్లి దారికి అడ్డంగా నిలబడేవాడు. బండిని తన మీదికి తోలమనేవాడు. బండి వచ్చి అతని ముందు ఆగాలి. ఆగాకే తాళం డ్రైవరు చేతికి వచ్చేది. కొత్తవాళ్లు భయపడి దూరంగానే తొక్కేవాళ్లు. ఇంకా దగ్గరికి రమ్మని చేత్తో పిలిచేవాడు. మనిషి మాత్రం వట్టి మెత్తన. ఎవరేమన్నా "పోనీ" అని తల తిప్పుకునే రకం.

ఆ మెత్తదనమే అతని కొంప ముంచింది.

విమానాశ్రయం తెరిచిన మరుసటి ఏడు, మంఖాల్ ఊరి మల్లేశ్వర్ కూరగాయలు తోలే తన పికప్‌కు బ్రేకులు చేయించుకున్నాడు. ఎప్పటిలాగే రహీం ఎదురుగా నిలబడ్డాడు, బండి ఆగింది, అడ్డా అంతా చూసింది. మర్నాడు పొద్దున అదే బండి పోయి లచ్చమ్మ జామకాయల బండిని గుద్దింది. ఆ తోపుడుబండి ఆమె మీద పడి కాలు విరిగింది. జనం చుట్టూ మూగి మల్లేశ్వర్ చొక్కా పట్టుకున్నారు. చావు తప్పించుకోవడానికి అతని నోటికి ఒకే మాట వచ్చింది: "బ్రేకు పట్టలే. నిన్ననే రహీం చేసిండు."

అంతే, జనం చొక్కా వదిలేసి షెడ్డు మీదికి వచ్చారు. రహీం బ్రేకు డ్రమ్ము విప్పి చూపిస్తాను రమ్మని బతిమాలాడు. చూడడానికి ఒక్కడూ వంగలేదు. ముందురోజు సాయంత్రం బండి ఆగడం చూసినవాళ్లే ఇప్పుడు నోరు మెదపలేదు. నెల తిరిగేసరికి షెడ్డు ముందు బండ్లు లేకుండా పోయాయి. ఏ బండి ఎక్కడ ఆగకపోయినా "రహీం బ్రేకా?" అని నవ్వడం డ్రైవర్లకు అలవాటైంది. ఆ నవ్వు రహీం తట్టుకోలేకపోయాడు. పానాలు, రెంచీలు ఎత్తి గూట్లో పెట్టి, విమానాశ్రయం పార్కింగులో ఊడ్చే పనికి కుదిరాడు.

చాంద్ బీ షెడ్డు మూయలేదు. భర్త సెలవు రోజుల్లో అతని దగ్గర కూర్చుని మిగిలిన పనంతా నేర్చుకుంది, బండి తోలడంతో సహా. రహీం పేరెత్తితే నవ్వే మెకానిక్కులే లైనర్లు కొట్టించడానికి బ్రేకు షూలు చాటుగా ఆమె దగ్గరికి పంపేవాళ్లు. ఆమె కొట్టేది, ఇచ్చేది, మాట్లాడేది కాదు. మల్లేశ్వర్ బండి రోడ్డు మీద పోతుంటే మాత్రం సుత్తి ఆపి, అది మలుపు తిరిగేదాకా చూసేది.

ఇంకెన్నాళ్లు మోస్తావు, వదిలెయ్యమని ఒకసారి నేనే సలహా ఇచ్చాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"వాని నోటితోనే పోయింది మా ఆయన పేరు. వాని నోటితోనే వాపస్ రావాలె" అంది.

ఆ తర్వాత నేను సలహాలు మానేశాను.

రెండువేల పదమూడు దసరా వెళ్లిన వారానికి మల్లేశ్వర్ పికప్ అరవడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కితే చాలు, పలక మీద గోరు గీసినట్టు పళ్లు జివ్వుమనేవి. అప్పటికి అతను కూరగాయలు మానేసి ఫంక్షన్ హాళ్లకు పూలు, అలంకరణ సామాను తోలుతున్నాడు. ముహూర్తం వేళ గేటు దగ్గర బండి కూత పెడితే మంత్రాలు ఆపి మరీ అందరూ వెనక్కి చూశారట. ఇంకోసారి ఆ కూత వినిపిస్తే వేరే బండి పెట్టుకుంటానని మేనేజరు తెగేసి చెప్పాడు. మల్లేశ్వర్ అత్తాపూర్‌లో లైనర్లు మార్పించాడు, కాటేదాన్‌లో డ్రమ్ములను లేతు మిషను మీద సాపు చేయించాడు. కూత తగ్గకపోగా రాగం మారింది. చివరికి అందరూ ఒకే పేరు చెప్పారు: చాంద్ బీ. నాలుగేళ్లుగా తల తిప్పుకుని పోయిన షెడ్డు ముందు అతను బండి ఆపక తప్పలేదు. ఆగుతూ అది మా వీధంతా అదిరేలా అరిచింది.

నేను గేటు దగ్గరే నిలబడిపోయాను. ఆమె అతని ముఖం మీదికి సుత్తి విసిరినా నేను ఆశ్చర్యపోయేదాన్ని కాదు.

చాంద్ బీ లేచి చేతులు తుడుచుకుంది. బండి మెల్లగా తోలమని, పక్కనే నడుస్తూ ఒక్కో చక్రం దగ్గర చెవి పెట్టింది. గట్టిగా తొక్కితే చప్పుడు లేదు, ఆగబోయే ముందు మాత్రం వస్తోంది. అదీ వెనక ఎడమ చక్రంలో. జాకీ ఎత్తి, చక్రం విప్పి, డ్రమ్ము లాగింది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని లోపలి దుమ్ము తుడిచింది. లైనర్లు కొత్తవే, కానీ అద్దంలా మెరుస్తున్నాయి. వాటి అంచులను ఆకురాయితో రాకకుండానే బిగించారు. వెనక రేకు మీద, బ్రేకు షూ ఆనుకుని జరిగే చోట్ల, గ్రీజు చుక్క లేదు. తుప్పు పట్టి గాడి పడింది.

"పండుగకు బండి కింద డీజిల్ కొట్టించినవా?" అని అడిగింది.

కొట్టించానన్నాడు. మా దగ్గర దసరాకు అందరూ చేయించేదే అది. అడుగున డీజిల్ చిమ్మి, నీళ్లతో కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొడతారు. బండి పెళ్లికూతురిలా తళతళలాడుతుంది. లోపల ఉండాల్సిన గ్రీజు కాస్తా కాలువలో కలుస్తుంది. లోపల మిగిలిన డీజిల్ తగిలితే కొత్త లైనర్లు కూడా నున్నబడతాయి. ఆ సంగతి ఆమె అప్పుడు అతనికి చెప్పలేదు, నాకు తర్వాత చెప్పింది. అతనికి చెప్పేందుకు ఆమె దగ్గర వేరే మాట ఉంది.

సాయంత్రమే ఫంక్షన్ ఉందని అతను కంగారుపడుతుంటే ఆమె తీరిగ్గా పని చేసింది. డీజిల్ తాగిన లైనర్లు పక్కన పారేసి, తాను కొట్టిన జత తీసి, అంచులు ఏటవాలుగా రాకింది. గాడి పడిన చోటు నున్నగా అరగదీసి, వేడికి కరగని గ్రీజు అక్కడ మాత్రమే పలచగా పూసింది. డ్రమ్ము సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి బిగించింది. ఆ పనిలో పగ ఆనవాలు ఒక్కటీ లేదు. అంతా పూర్తయ్యాక తానే స్టీరింగు ముందు కూర్చుంది.

"పోయి ఎదురుంగ నిలబడు" అంది.

మల్లేశ్వర్‌కు అర్థం కాలేదు. అడ్డాలో చాయ్ తాగుతున్న డ్రైవర్లకు అర్థమైంది, గ్లాసులు పట్టుకునే లేచి వచ్చారు. కాలు ఈడుస్తూ లచ్చమ్మ కూడా వచ్చింది. అందరి ముందు వెనకడుగు వేయలేక అతను మట్టి దారి మధ్యకు పోయి నిలబడ్డాడు, ముఖం మీద ఒక నవ్వు అతికించుకుని.

చాంద్ బీ తోలింది. బండి వేగం అందుకోగానే ఆ నవ్వు ఊడిపోయింది. అతను పక్కకు దూకి పొదల్లో పడ్డాడు. అతను నిలబడ్డ చోటికి ఇంకా రెండు బారలు ఉండగానే బండి ఆగింది, చిన్న చప్పుడైనా లేకుండా.

డ్రైవర్లు పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. బండి వెనక్కి తీసింది.

"మల్ల నిలబడు."

"భాభీ, ఎందుకు పరేషాన్ చేస్తున్నవ్? ఆగింది గదా బండి."

"మా ఆయన నిలబడ్డనాడు గూడ ఆగింది. తెల్లారి పట్టలేదంటివి. గిది గూడ ఆయన నేర్పిన పనే. నమ్మకముంటే నిలబడు. లేకుంటే ఆ దినం ఏమైందో గీళ్ల ముందట చెప్పు."

ఇంజను ఆగలేదు. అతను బండిని చూశాడు, ఆమెను చూశాడు, అక్కడున్న ముఖాలను చూశాడు. అతని వైపు ఒక్కరూ లేరు. నిజం చెప్పాలంటే చాలా తృప్తిగా చూశాను.

"నేను ఆ దినం బ్రేకు తొక్కనే లే" అన్నాడు. "ఫోన్ల మాట్లాడుకుంట చూసుకోలే."

లచ్చమ్మ అతని దగ్గరికి పోయి ఆ మాట ఇంకోసారి చెప్పమంది. ఇన్నేళ్లూ కాలు నొప్పి పుట్టినప్పుడల్లా రహీంను శాపనార్థాలు పెట్టిన మనిషి ఆమె. అతను మళ్లీ చెప్పాడు. డ్రైవర్లలో ఒకడు తనకు ముందే అనుమానం ఉండేదని గొణిగాడు. చాంద్ బీ అతని వైపు చూసిన చూపుకు అతను గ్లాసు కింద పెట్టి జారుకున్నాడు.

బండి దిగి ఆమె తాళం మల్లేశ్వర్ చేతిలో పెట్టింది. విమానాశ్రయానికి పోయి తన భర్తను తీసుకొచ్చి, ఈ మాట ఇక్కడే ఆయనకు చెప్పమంది. అప్పటిదాకా పూలూ లేవు, ఫంక్షనూ లేదంది.

అతను ఎదురు చెప్పకుండా వెళ్లాడు. రహీం ఊడ్చే పని యూనిఫాంతోనే బండి దిగాడు. ఏం జరుగుతోందో తెలియక భార్య వైపు చూస్తూ నిలబడ్డాడు. మల్లేశ్వర్ తల వంచుకుని అంతా చెప్పి, మాఫ్ చెయ్యమని చేతులు పట్టుకున్నాడు. రహీం కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నేను భయపడిన మాటే అన్నాడు.

"పోనీ మల్లేశ్."

చాంద్ బీ మధ్యలోకి వచ్చింది.

"ఆయన మాఫ్ చేసిండు. అది ఆయన మంచితనం. నేను చెయ్య" అంది. "ఇగ నీ బండి బ్రేకులు నేనే చేస్త, వేరే తావు పోకు. మంచిగ చేస్త. తొక్కినప్పుడల్ల నీకు ఆయన యాదికి రావాలె."

మల్లేశ్వర్ ఇప్పటికీ ఆమె దగ్గరికే వస్తాడు. రహీం మళ్లీ షెడ్డులో పని చేస్తున్నాడు, వచ్చిన వాళ్లందరికీ చాయ్ చెప్తాడు. మల్లేశ్వర్ గ్లాసు మాత్రం ఆమె వెనక్కి పంపేస్తుంది.