తీగకు అవతలి కొసన

మా అమ్మ మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించింది కాదు. దెయ్యాన్ని చూశానని చెప్పబోవడం లేదు. ఆ రాత్రి నా కళ్ళకు ఏమీ కనబడలేదు. అంతా ఈ కుడిచేతికే తెలిసింది...

యుద్ధం రోజులవి. మాది పలమనేరు. సైన్యంలో టెలిఫోను తీగలు వేసే పని నాది. బర్మా అడవుల్లోకి పంపేముందు మమ్మల్ని మామండూరు కొండల్లో తర్ఫీదుకు దింపారు. అడవంటే ఏమిటో అక్కడే తెలిసింది. మ్యాపులో వేలెడు దూరం... నడిస్తే ఒక పూట. కొండ మలుపు తిరిగితే కేక వినిపించదు. లోయలో వైర్‌లెస్ పెడితే బుస్సుమనే చప్పుడే తప్ప మాట రాదు. అన్నిటికీ మేం వేసిన తీగే దిక్కు.

నాకు పని నేర్పిన మునస్వామన్నది సత్యవేడు. అంతటి పనివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఆ రాత్రి కొండమీది గుడారంలో ఇద్దరమే ఉన్నాం. అన్నకు మలేరియా జ్వరం. మూడో జాములో ఒక సిపాయి పాక్కుంటూ పైకొచ్చాడు. ఒళ్ళంతా ముళ్ళ గీతలు.

"మావోళ్ళు ఆరుమంది దోవ తప్పి కింద లోయలో ఉండారప్పా. ఒకనికి కాలిరిగిపోయింది. ఎక్కలేరు."

తర్ఫీదులో భాగంగా తెల్లవారగానే ఆ లోయలోకే మోర్టారు గుండ్లు పేలుస్తారు! కింద క్యాంపుకు ఫోను తిప్పాను... ఉలుకూ పలుకూ లేదు. లైను తెగింది.

మునస్వామన్న లేవబోయి కూలబడ్డాడు.

"నువ్వు పో అబ్బయ్యా. లాంతరు ఎత్తుకోవద్దు. వెలుతురుంటే కన్ను వైరును వదిలేసి అడివిని సూస్తాది. వైరు చేతిలో పెట్టుకో... వదలొద్దు."

తీగకు ఎక్కడైనా తగిలించి మాట్లాడే చేతి ఫోను భుజానికి వేసుకుని బయలుదేరాను. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే చీకటి. తీగ అరచేతిలో జారుతోంది... అడుగు... ఇంకో అడుగు... చాలా దూరం పోయాక కొస చేతికొచ్చింది. ఏ కణుజు దుప్పి కొమ్ములకో చిక్కి తెగినట్టుంది. నేలంతా తడిమి, రెండో కొస వెతికి కలిపాను. ఫోను పెట్టి చూశాను.

చప్పుడు లేదు.

ముందు ఇంకోచోట కూడా తెగిందన్నమాట. తూర్పున చీకటి పలచబడుతోంది. తీగ వదలకుండా పరుగెత్తాను.

అప్పుడు... తీగ కదిలింది.

గాలి లేదు. నేను ఆగాను. అది ఆగలేదు. సన్నగా లాగి... వదిలి... మెలిపెడుతున్నట్టు... రెండు కొసలూ కలిపేటప్పుడు తీగ అలాగే అదురుతుంది. ఆ అదురు నా చేతికి బాగా తెలుసు. కీచురాళ్ళు కూడా నోరు మూసుకున్నాయి.

"ఎవరప్పా ఆడ?"

అదురు ఆగింది.

ఆకు కదల్లేదు... ఎవరూ నడిచిపోయిన అలికిడి లేదు.

ఫోను తగిలించి తిప్పాను. "హలో..." కింద క్యాంపు ఆపరేటరు! నిద్రమత్తు గొంతు.

"గుండ్లు ఆపమని చెప్పండి! లోయలో మనోళ్ళు ఉండారు!"

ఆపారు. ఆరుగురూ బతికారు.

పొద్దెక్కి జ్వరం దిగాక మునస్వామన్నను అక్కడికి తీసుకుపోయాను. నేను నిలబడిన చోటికి నలభై అడుగుల అవతల ఇంకో ముడి. మేం చుట్టే టేపు లేదు. చెట్టు నార చుట్టి ఉంది. పచ్చి నార... తడి కూడా ఆరలేదు. క్యాంపు నుంచి ఎవరినీ పంపలేదట. అడవిలో తిరిగేవాళ్ళెవరైనా మమ్మల్ని చూసి నేర్చుకున్నారా? అయితే పిలిస్తే పలకరేం? ఆ మెత్తటి నేలలో నా అడుగులు తప్ప ఇంకొకరివి లేవేం?

మునస్వామన్న ముడిని తడిమాడు. లాగి చూశాడు.

"ఎవురో తెలీదు గానీ... నాకన్నా బాగా కట్టినాడప్పా."

దాన్ని విప్పలేదు. అలాగే ఉంచేశాడు. మేము ఆ కొండల్లో ఉన్నన్నాళ్ళూ ఆ చోట లైను మళ్ళీ తెగలేదు. కట్టిన చేయి ఎవరిదో... నాకు ఈ రోజుకీ తెలియదు.