శేషమ్మగారి చేద

1984లో నేను గుంటూరులో ఒక ఆసుపత్రి ఎముకల విభాగంలో ఫిజియోథెరపిస్టుని. విరిగి అతికిన చోట మళ్లీ కదలిక, బలం తెప్పించడం మా పని. మమ్మల్ని మాలీషు చేసేవాళ్లనుకునేవారు చాలామంది. అనుకోనీ, నాకేం.

శేషమ్మగారిని అద్దంకి వైపు నుంచి కొడుకు బస్సులో తీసుకొచ్చాడు. అతను బడిపంతులు. ఆవిడకు యాభై ఆరేళ్లు. గడప దగ్గర తూలి, చెయ్యి ఆనించినందుకే మణికట్టు విరిగింది. పిండికట్టు విప్పాక చూస్తే చెంబు పట్టుకోవడానికి కూడా పట్టు దొరకడం లేదు. ఎక్స్‌రేలో ఎముకలు పలచబడి కనిపించాయి. దాన్ని ఆస్టియోపొరోసిస్ అంటాం. ముట్లు ఆగాక ఆడవాళ్లకు ఎముకా అరుగుతుంది, కండా తగ్గుతుంది. డాక్టరుగారు చీటీ మీద ‘బరువులు ఎత్తరాదు’ అని రాశారు. నేనూ అదే వల్లించాను.

“ఇక నూతిలో నీళ్లు తోడకండమ్మా.”

ఆవిడ మొహం ముడుచుకుంది. “మడి నీళ్లు నేనే తోడాలమ్మాయ్. దూరం కూర్చునే రోజులు పోయాకే గదా ఆ వంటిల్లు నెలంతా నా చేతికొచ్చింది. ఇప్పుడు మూల కూర్చోమంటే ఎట్లా?”

“చేద, చేంతాడు అటకెక్కించేశానండి,” అన్నాడు కొడుకు. “మళ్లీ పడితే ఏం చేయను?”

ప్రేమే, కాదనను. అయినా నాకు ఒళ్లు మండింది.

మర్నాడు వ్యాయామం మొదలుపెట్టాం. మా గదిలో గోడకు ఒక గిలక, దాని మీద తాడు, తాడు చివర ఇసుక సంచి ఉండేవి. లాగమన్నాను. ఆవిడ గిలకను చూసింది, నన్ను చూసింది.

“దీనికా ఇంత దూరం బస్సెక్కించారు? ఇది మా నూతి మీద లేదూ?”

నాకు సిగ్గేసింది. తోడొద్దన్న నోటితోనే లాగమంటున్నాను.

ఆవిడను వార్డులోనే ఉంచి మూడు వారాలు ఇసుక కొంచెం కొంచెం పెంచుతూ లాగించాను. ఇంటికి పంపే రోజున డాక్టరుగారి రాత కింద నేను రాశాను: ‘నిటారుగా నిలబడి నీళ్లు తోడవలెను. మొదట పావు చేద.’

ఆయన నన్ను పిలిపించారు. “ఎవరు రాశారిది?”

“నేనేనండి. ఇసుక లాగిన చెయ్యి నీళ్లు లాగకూడదా? కొట్టేయాలంటే మీరే కొట్టేయండి, నేను కొట్టేయను.”

ఆయన చీటీ ముందుకు లాక్కుని కలం తీశారు. తన రాతనే కొట్టేసి, “నెలనెలా రమ్మను,” అన్నారు.

నాలుగో నెల వచ్చినప్పుడు ఎంతవరకు తోడుతున్నారని అడిగాను. “సగం,” అంది ఆవిడ, కిటికీ వైపు చూస్తూ.

“అబద్ధమండి,” అన్నాడు కొడుకు. “నిండు చేదే. మీకు చెప్పొద్దంది.”

“నువ్వు పావు అని రాస్తే పావు దగ్గరే ఆగిపోతానా?” అని నా చెయ్యి పట్టుకుని నొక్కింది. నొప్పి పుట్టింది. ఏడుపూ వచ్చింది, దాచుకోలేదు.

ఆవిడ ఎముకలు పలచనివే. వాటిని నేను మార్చలేదు. కానీ ఆ తర్వాత నా ఉద్యోగంలో ఏ ఆడమనిషి చీటీ మీదా ఏది ఎత్తకూడదో రాసి ఊరుకోలేదు. ఎంత ఎత్తాలో కూడా రాశాను.