పాలు పితికే వేళ కబుర్లు

గొడుగులు బాగుచేసే ఆ పెద్దాయన్ని వీధి వీధంతా గొడుగుల బాబాయ్ అంటుంది. భార్య పోయాక ఆయనకు మిగిలినవి ఒక గది, విరిగిన గొడుగు పుల్లల కట్ట, ఒక మేక. వాన వెలిస్తే ఆ గుమ్మం తొక్కే నాథుడుండడు.

మేక తొలిచూలు ఈనింది. పిల్ల దక్కలేదు. బిడ్డకు మేకపాలే పడుతున్నాయని పక్కవీధి కోడలుపిల్ల పొద్దునా సాయంత్రమూ గిన్నె పట్టుకుని రావడం మొదలుపెట్టింది.

ఇంకేం, బాబాయ్ పంట పండింది! ఆమెకు పీట వేసేవాడు. నాలుగు ధారలు తీసి చెయ్యి ఆపేవాడు. "ఓసారి ఏమైందనుకున్నావ్?" అని మొదలెడితే, గాలికి ఎగిరిపోయిన గొడుగు దగ్గర్నుంచి భార్య అలకల దాకా వెళ్లేవాడు. మళ్లీ నాలుగు ధారలు, మళ్లీ ఇంకో కథ. పాపం, ఆ పిల్ల ఊఁ కొడుతూ గిన్నె వంకే చూసేది. అది ఆయన కంటబడితేగా!

ఒక పొద్దున చెయ్యి వెయ్యగానే మేక కాలు విదిలించింది. పొదుగు ఎడమవైపు రాయిలా గట్టిపడి, వేడిగా కాలిపోతోంది. బాబాయ్ పశువుల ఆసుపత్రికి పరుగెత్తాడు.

పశువుల డాక్టరమ్మ వచ్చి, మొదటి ధారలు నల్లగుడ్డ మీద పట్టమంది. ఆ ఇంట్లో దేనికి కరువున్నా నల్లగుడ్డకు కరువా? గొడుగుగుడ్డ మీద విరిగిన పాల ముక్కలు తెల్లగా కనబడ్డాయి.

"పొదుగువాపు. పాలు పూర్తిగా తియ్యట్లేదా?"

"మధ్యమధ్యలో కాస్త ఆగుతుంటానమ్మా."

"తొలిచూలుది, అసలే బెదురు. పొదుగులోకి పాలు దిగి చేపినప్పుడు మీరు ఆగితే అది పాలు పైకి పట్టేస్తుంది. మిగిలినవి లోపల చెడతాయి. చేతులు కడుక్కుని ఒక్క బిగిన పితికెయ్యాలి. మళ్లీ ఇలా అయిందంటే ఆ వైపు ఎండిపోతుంది, ముందే చెప్తున్నా."

చన్నులోకి మందు ఎక్కించి, తను చెప్పేదాకా ఆ పాలు ఎవరికీ పొయ్యొద్దని వెళ్లిపోయింది. నా నోటి దురదకు నోరులేని జీవాన్ని బలిపెట్టానే అని బాబాయ్ తనను తాను తిట్టుకున్నాడు. రోజూ వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టి, చెడ్డపాలన్నీ పిండి గోతిలో పోశాడు. కోడలుపిల్ల రావడం మానేసింది. ఆ రోజుల్లో ఆయన మేకతో కూడా మాట్లాడలేదు.

చివరికి నల్లగుడ్డ మీద పాలు ముక్క లేకుండా జారాయి. డాక్టరమ్మ సరేనంది. బాబాయ్ కోడలుపిల్లకు కబురు పెట్టాడు. ఆ పిల్ల ఎదురుగా కూర్చుంటే తన నోరు ఆగదని ఆయనకు తెలుసు. అందుకే ఆమె వచ్చేసరికే పితికేసి, పాలచెంబు మూతపెట్టి గడప దగ్గర ఉంచాడు.

"అప్పుడే అయిపోయిందా బాబాయ్?"

"అయిపోయిందమ్మా. ఇకమీదట ఇంతే."

"అమ్మయ్య!" అనేసి ఆమె నాలుక కరుచుకుంది. "అంటే... ఇంట్లో బిడ్డ ఏడుస్తుంటుంది కదా, అందుకని."

"అవునవును. వెళ్లమ్మా, వెళ్లు."

చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. ఇన్నాళ్లూ ఆ పిల్ల ఓపికపట్టి కూర్చుందన్నమాట. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. పీట తీసి మంచం కిందికి తోసేసి, మేక పొదుగు తడిమి చూశాడు. రెండు వైపులా మెత్తగా, చల్లగా ఉంది. హాయిగా నెమరేస్తోంది మేక. ఎంత బాగా నయమైందో ఎవరికైనా చెప్పాలనిపించింది ఆయనకు.